వెనక్కి వెళ్ళినవాడు, ఉండిపోయినవాడు

షోపాన్ మజుర్కాలు వింటున్నప్పుడల్లా నాకు టీటుస్ గుర్తొస్తాడు.

1830 నవంబరు మొదట్లో షోపాన్ వార్సా విడిచాడు. ఇరవయ్యేళ్ళ కుర్రాడు. ప్రాణస్నేహితుడు టీటుస్ వొయ్‌చెహొఫ్‌స్కితో కలిసి వియన్నా చేరాడు. అక్కడ కుదురుకునేలోపే వార్సాలో రష్యన్ పాలన మీద తిరుగుబాటు మొదలైంది. కబురు తెలియగానే టీటుస్ పోరాడ్డానికి వెనక్కి వెళ్ళిపోయాడు. షోపాన్ ఉండిపోయాడు.

తప్పా? తుపాకీ కూడా ఎత్తలేని బక్కప్రాణి, వెళ్ళి ఏం చేసేవాడు అంటారు. నిజమే. కానీ ఆ జవాబు ఆయనకే సరిపోలేదు. మరుసటి ఏడు వార్సా పడిపోయిన రోజుల్లో స్టుట్‌గార్ట్‌లో నోటుబుక్కులో రాసుకున్న పేజీల నిండా ఇంట్లోవాళ్ళు ఏమైపోయారోనన్న భయమే. తను మాత్రం ఇక్కడ పియానో ముందు ఊరికే కూర్చున్నానన్న సిగ్గు కూడా.

ఆ తర్వాత పారిస్. గొప్పింటి పిల్లలకి పాఠాలు, పాఠానికి 20 ఫ్రాంకులు. 1835లో ఫ్రెంచి పౌరసత్వం. అదే ఏడు కార్ల్స్‌బాడ్‌లో అమ్మానాన్నల్ని కలుసుకున్నాడు, మళ్ళీ చూడలేదు. అన్నట్టు, వాళ్ళ నాన్న నికొలా ఫ్రాన్సు నుంచి పోలండుకి వలసపోయినవాడు. 1794 తిరుగుబాటప్పుడు ఆ పరాయి ఊరి కోసం వార్సా పౌరసేనలో చేరాడు కూడా! అక్కడే పుట్టిన కొడుకేమో తండ్రి వదిలేసిన దేశంలో కూర్చుని, యాభైకి పైగా మజుర్కాల్లో పోలండు పల్లెల నాట్యాల లయని తవ్వుకున్నాడు.

ఆ సంగీతంతో బాకీ తీరిపోయిందనే మాట దగ్గరే నాకు పేచీ. పెళ్ళాంపిల్లల్ని వదిలేసి వెళ్ళిన చిత్రకారుడు గొగాఁ ఉదాహరణతో బెర్నార్డ్ విలియమ్స్ ఇలాంటి చిక్కునే తడిమాడు: వెళ్ళినవాడు గొప్ప కళాకారుడైతేనే ఆ వెళ్ళడానికి ఏదో సమర్థన దొరుకుతుంది, అవుతాడో లేదో ముందు ఎవరికీ తెలీదు. షోపాన్ 1832లోనే ఆ దగ్గుతో పోయుంటే? ఉండిపోయిన మనిషి అతనే, కారణాలూ అవే. కానీ పిరికివాడని ఒక ముక్క రాసి ఊరుకునేవాళ్ళం. విలియమ్స్ చెప్పింది నాకు అర్థమవుతుంది, మింగుడుపడదు. మజుర్కా విని సుఖపడింది నేను. బాకీ వార్సాకి. అది మాఫీ చెయ్యడానికి నేనెవర్ని?

అలాగని ఆయన్ని బోనెక్కించాలనీ లేదు. రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూ తీర్పులు చెప్పడం మహా తేలిక.

1849లో పారిస్‌లోనే పోయాడు. ఒంటిని అక్కడే పాతిపెట్టారు. గుండెని మాత్రం అక్క లుద్వికా సీసాలో దాచి, రష్యన్ సరిహద్దు దాటించి వార్సా చేర్చింది. ఇప్పటికీ అది హోలీ క్రాస్ చర్చి స్తంభంలో ఉంది. వెనక్కి వెళ్ళి పోరాడిన టీటుస్, తర్వాత తన ఎస్టేటులో వ్యవసాయం చూసుకున్నాడు. ఇవాళ అతను మనకి తెలిసింది షోపాన్ ఉత్తరాల మీది పేరుగానే.