చూడని లారీకి సాక్ష్యము



మూడేళ్ళ క్రితము మా సంఘపు సహోదరుడొకరు బేల్దారి పని ముగించుకొని, రాత్రివేళ హోస్పేట దారిన మోపెడ్ మీద ఇంటికి వస్తుండగా ఏదో లారీ గుద్ది వెళ్ళిపోయింది. చూసినవారు లేరు. వయసు 34. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. సమాధి చేసిన పదిహేను దినములకు, కోర్టు ఆవరణలో తిరిగే మనిషి ఒకడు మా ఇంటికి వచ్చాడు.

"సారూ, ఆ యమ్మకు నాలుగు డబ్బులు వచ్చేటట్లు చేస్తాం. ఆ రాత్రి మీరు ఆ దారిన వస్తూ లారీ నంబరు చూసినట్లు ఒక్క మాట చెప్పండి చాలు. సంఘ పెద్దలు, మీ మాట ఎవరూ కాదనరు" అన్నాడు.

లారీ అప్పటికే సిద్ధముగా ఉన్నది. దానికి ఇన్సూరెన్సు ఉన్నది. "నేనే గుద్దితిని" అని ఒప్పుకొనుటకు లైసెన్సు గల కుర్రవాడు కూడా దొరికాడు. లేనిది సాక్షి మాత్రమే.

మేము చాలా ఏండ్లు బడిలో లెక్కలు చెప్పినవారము గనుక, ముందు ఆ లెక్క చూచాము. గుద్దిన బండి ఏదో తెలియకపోతే, 1988 మోటారు వాహనాల చట్టము క్రింద మరణమునకు వచ్చేది రెండు లక్షలు. 2022 ఏప్రిల్‌కు ముందైతే అది 25,000 రూపాయలే. బండి తెలిస్తే లెక్క వేరు. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి ప్రకారము, నెలకు 15,000 సంపాదించే మనిషికి ఏడాదికి 1,80,000. అందులో తన ఖర్చు క్రింద మూడోవంతు తీసివేస్తే 1,20,000. 34 ఏళ్ళ వయసుకు దానిని 16తో హెచ్చించాలి. 19,20,000 రూపాయలు. దీనిపైన 2017 నాటి మరో తీర్పు ప్రకారము, ముందుముందు పెరగబోయే సంపాదన క్రింద మరికొంత కలుపుతారు. చనిపోయినది అదే మనిషి, ఏడ్చేది అదే భార్య. లారీ నంబరు ఒక్కటే తేడా.

ఈ పని జరిగే తీరు ఇది. మొదట పోలీసు రిపోర్టులో 'గుర్తు తెలియని వాహనము' అని ఉంటుంది. కొన్ని వారములకు ఒక సాక్షికి హఠాత్తుగా నంబరు జ్ఞాపకము వస్తుంది. కుర్రవాడు నేరము ఒప్పుకుంటాడు. ఆ కాగితములతో ట్రిబ్యునల్‌లో కేసు వేస్తారు. వచ్చిన సొమ్ములో లారీ యజమానికి, కుర్రవానికి, నడిపించినవానికి, వకీలుకు వాటాలు. విధవరాలి చేతికి మిగిలేది ఎంతో ఆమెకు ముందుగా ఎవరూ చెప్పరు. ఉత్తరప్రదేశ్‌లో ఇటువంటి దొంగ క్లెయిములు ఎక్కువై, 2015లో అలహాబాదు హైకోర్టు వాటి కొరకు ప్రత్యేక దర్యాప్తు బృందము వేయమన్నది.

1984లో కేరళలో సుకుమార కురుప్ అనువాడు, తాను చనిపోయినట్లు నమ్మించి ఇన్సూరెన్సు సొమ్ము తీసుకొనుటకు, తనను పోలిన అమాయకుని చంపించి కారులో కాల్చాడు. అతడు నేటికీ దొరకలేదు. అది వింటే మనమందరము ఛీ అంటాము. అటువంటిది మనలను శోధించదు. మనలను శోధించేది విధవరాలి కన్నీటితో వస్తుంది. లేదా చక్కెర జబ్బు సంగతి దాచి పాలసీ ఫారము నింపేటప్పుడు ఏజెంటు "ఇది అందరూ చేసేదే అన్నా" అనే మాటతో వస్తుంది.

"కంపెనీ సొమ్మే గదా సారూ, ఎవరి నోరు కొట్టినట్లు?" అని అతడు అడిగాడు. ఆ మాట మమ్మును కొన్ని రాత్రులు నిద్రపోనివ్వలేదు. నిజమునకు ఆ సొమ్ము ఎవరిది? 1744లో స్కాట్లండులో రాబర్ట్ వాలెస్, అలెగ్జాండర్ వెబ్‌స్టర్ అను ఇద్దరు పాదిరులు, తోటి పాదిరుల భార్యాబిడ్డల కొరకు ఒక నిధి నెలకొల్పారు. ఏటా ఎందరు చనిపోవచ్చు, ఎందరు విధవరాండ్రు మిగలవచ్చు అని లెక్కగట్టి దానికి తగిన చందా నిర్ణయించారు. కాలిన్ మెక్లారిన్ అను గణిత పండితుడు ఆ లెక్క సరిచూశాడు. నేటి జీవిత బీమా లెక్కలకు అది ఒక మొదలు. అద్దాల మేడలు, టై కట్టిన మేనేజర్లు తరువాత వచ్చారు. లోపల ఉన్నది ఇప్పటికీ చందా పెట్టెయే. మన ఆటోవాండ్లు, మోపెడ్ వాండ్లు ఏటా కట్టే డబ్బు కూడా అందులోనే ఉన్నది. ఆ రేటు నిర్ణయించేటప్పుడు చెల్లించిన క్లెయిముల లెక్క చూస్తారు. దొంగ సాక్షులు పెరిగినకొద్దీ నిజమైన సాక్షిని కూడా అనుమానిస్తారు. రేపు నిజముగా నంబరు చూచినవాడు చెప్పినా, మరొక విధవరాలు ఏండ్ల తరబడి తిరగవలసి వస్తుంది.

ఇంకొకటి. ఆ కుర్రవాడు చంపని మనిషిని చంపానని చెప్పాలి. చంపినవాడు అదే దారిన లారీ తోలుతూనే ఉంటాడు, వాని కొరకు వెదికేవారు ఇక ఉండరు.

మేము సాక్ష్యము చెప్పలేదు. ఆ మాట చెప్పడానికి ఆమె ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె కోపపడలేదు. "మీ నిజం మీరు కాపాడుకున్నారు సారూ. నా బిడ్డల ఫీజు ఎవరు కడతారు?" అన్నది. మేము తల వంచుకొని కూర్చున్నాము. ఏమి చెప్పగలము? ఆమెను పిలుచుకొని రెవెన్యూ ఆఫీసుకు వెళ్ళాము. పోలీసు రిపోర్టు, పోస్టుమార్టం కాగితము, బ్యాంకు పుస్తకము జతచేసి దరఖాస్తు ఇచ్చాము. పదకొండు నెలలకు రెండు లక్షలు వచ్చినవి. వాటాలు అడిగినవాడు లేడు.

మిగిలిన పదిహేడు లక్షల మాట ఎత్తక తప్పదు. నిజము చెప్పమని ఒక విధవరాలిని కోరినవారు ఆ నిజము ఖరీదులో తమ భాగము ఇవ్వకపోతే, అది చవకగా దొరికిన నీతి. ఆ సంగతి సంఘములో చెప్పగా, నెలకు ఇంతని ఇస్తామని 40 కుటుంబములు చేతులెత్తాయి. మొదటి సంవత్సరము బాగా జరిగింది. ఇప్పుడు ఇస్తున్నవి తొమ్మిది. మొన్న జూన్‌లో పెద్దవాని ఏడవ తరగతి ఫీజుకు 6,000 తక్కువైతే, ఆమె ఎవరినీ అడగకుండా చెవి కమ్మలు తాకట్టు పెట్టిందని మాకు ఆలస్యముగా తెలిసింది. వచ్చే ఆదివారము ఆరాధన తరువాత సంఘపు కార్యవర్గము కూడుతుంది. ఆ 31 కుటుంబముల పేర్లు మా చీటీలో ఉన్నవి.