నోరు మూసుకుని ఉద్యోగం వెతుక్కోవటం

అన్యాయం చేసే పై అధికారి కింద పనిచేస్తూ, పైకి ఏమీ ఎరగనట్టుండి, లోపల్లోపల మరో ఉద్యోగం వెతుక్కునే మనిషి తప్పు చేస్తున్నాడా? చాలామందికి ఇది ప్రశ్నగానే తోచదు. "తప్పేముంది, ఎవరి బతుకు వాళ్ళది" అంటారు. మరికొందరి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "అది పలాయనం. నిలబడి పోరాడాలి" అంటారు. ఈ రెండు మాటలూ అనేవారు సాధారణంగా ఆ పరిస్థితిలో లేనివారే. నేను అందులో ఉన్నాను. కాబట్టి నా సంగతి దాచకుండా చెప్పి, ఆ తరవాతే చర్చలోకి దిగటం న్యాయం.

నేను విశాఖపట్నంలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెబుతాను. చేరిన రోజున నా ఎం.ఏ. ఒరిజినల్ సర్టిఫికెట్లు "చూసి ఇస్తాం" అని తీసుకున్నారు. నాలుగేళ్ళయింది. అవి ఇంకా ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. జీతం పూర్తిగా బాంకులో పడుతుంది. అందులో ఒక భాగం మళ్ళీ తెచ్చి, రసీదు లేకుండా, ఆఫీసులో కట్టాలి. వేసవిలో పిల్లల్ని చేర్పించటానికి చోడవరం, మాడుగుల వైపు పల్లెలు తిరగాలి. చెప్పినంతమందిని తేకపోతే ఆ నెల జీతం ఆగుతుంది. ప్రిన్సిపాలుగారి మనసెరిగి నడిచేవారికి వారానికి పదహారు క్లాసులు, నడవనివారికి ఇరవైనాలుగు. ఇందులో విడ్డూరమేమీ లేదు. ఇది చదివే మేష్టర్లలో సగంమందికి ఇది తమ కాలేజీ కథే అనిపిస్తుంది.

మా లెక్కల మేష్టారు నాకంటే పెద్దవారు. ఒకరోజు జగదాంబ దగ్గర టీ తాగుతూ, ఈసారి స్టాఫ్ మీటింగులో సర్టిఫికెట్ల మాట ఇద్దరం కలిసి ఎత్తాలనుకున్నాం. మీటింగు వచ్చింది. ఆయన లేచి, "మా ఒరిజినల్స్ ఎప్పుడిస్తారండీ?" అని అడిగారు. "ఏం మేష్టారూ, ఎక్కడికైనా వెళ్ళిపోదామనా?" అన్నారు ప్రిన్సిపాలుగారు. అందరూ నవ్వారు. లెక్కల మేష్టారు నా వైపు చూశారు. నేను హాజరు పట్టీ వైపు చూశాను. ఆ శనివారం నాకు విజయనగరంలో ఇంటర్వ్యూ ఉంది. ఇక్కణ్ణించి అక్కడికి ఒక్క ఫోను వెళ్తే చాలు, నా పని అయిపోతుందనుకున్నాను.

ఆ ఉద్యోగం రాలేదు. వచ్చి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కానేమో.

ఇక్కడ రెండు విషయాలు కలగాపులగంగా ఉన్నాయి. ఒకటి, ఉద్యోగం వెతుక్కోవటం. రెండు, లెక్కల మేష్టారు చూసినప్పుడు నేను తల దించుకోవటం. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే మన తీర్పు తప్పుదారి పడుతుంది.

ముందు మొదటిది చూద్దాం. యజమానిని వదిలి వెళ్ళటం పిరికితనమనేవారు చరిత్ర మరిచిపోతున్నారు. మన దేశంలో పని వదిలి వెళ్ళటం ఒకప్పుడు అక్షరాలా నేరం. 1859లో ఇంగ్లీషు ప్రభుత్వం చేసిన చట్టం ప్రకారం, అడ్వాన్సు తీసుకున్న పనివాడు పని మానేస్తే యజమాని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళి వాణ్ణి జైలుకు పంపించవచ్చు. ఆ చట్టం 1925లో గాని పోలేదు. మన తీరంనించి నేటాలుకు, మారిషస్‌కు, ఫిజీకి ఒప్పందపు కూలీలుగా వెళ్ళినవారు అనుమతి లేకుండా తోట దాటితే శిక్ష. బర్మా వెళ్ళిన కూలీని మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు కట్టిపడేసేది. యజమానిని విడిచి నడిచిపోయే హక్కు దయగల ప్రభువులు ఇచ్చిన దానం కాదు. ఎందరో చెరసాలలు చూశాక దక్కిన హక్కు అది. మా ఆఫీసు బీరువా ఆ పాత అడ్వాన్సుకు మనవడే. చట్టం తెంపిన తాడును సర్టిఫికెట్లతో మళ్ళీ పేనుతున్నారు. కాబట్టి ఆ తాడు తెంచుకుని పోవాలనుకోవటంలో సిగ్గుపడవలసిందేమీ లేదు.

ఇక దాపరికం. నేను వెతుక్కుంటున్నానని పై అధికారికి చెప్పనవసరం లేదు. నిజం చెప్పటం ఒక బాధ్యతే, కాని ఆ నిజాన్ని కత్తిగా మార్చి నా మీదికే దూసేవాడికి నేను నిజం బాకీ లేను. జీతంలో భాగం రసీదు లేకుండా పుచ్చుకునేవాడికి నా దగ్గర పారదర్శకత కోరే అర్హత ఎక్కడిది? ఈ విషయంలో నా మనస్సాక్షికి ఏ బాధా లేదు.

అయితే ఈ హక్కు ఎంతదూరం తీసుకెళ్తుందో కూడా చూడాలి. కూలికి పనిచేసేవాడు ఈ యజమానినో ఆ యజమానినో వదలగలడు గాని, యజమానుల వర్గాన్నంతటినీ వదిలి బతకలేడని మార్క్స్ 1849లోనే చెప్పాడు. ఆ మాట నేను విద్యార్థిగా చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నాను. అర్థమయింది మాత్రం విజయనగరంలో. ఆ ఇంటర్వ్యూలో నన్నడిగిన మొదటి ప్రశ్న ఏ కవిని గురించీ కాదు. "చేరిన రోజున ఒరిజినల్స్ ఇస్తారు కదా?" అని. వాళ్ళ దగ్గరా ఒక బీరువా ఉంది!

అన్యాయాన్ని నేను ఒక మనిషి స్వభావంగా చూస్తూ వచ్చాను. ప్రిన్సిపాలుగారు చెడ్డవారు, మరో చోట మంచివారుంటారు, అంతే అనుకున్నాను. నిజానికి ఆయన కూడా పైన ఉన్న యాజమాన్యానికి జవాబు చెప్పుకునే జీతగాడే. ఆయన చేసే అన్యాయానికి ఆయన బాధ్యుడే. అయితే ఆ బీరువాను తయారుచేసింది ఆయన స్వభావం కాదు. అడిగేవాడు లేకపోవటం, అడిగినా ఒంటరిగా అడగటం, ఆ బీరువాను తయారుచేశాయి.

అడిగే దారులు మనకు ఎలా మూసుకుపోయాయో చూడండి. 1947నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద ఉపాధ్యాయుడు "వర్క్‌మన్" కాడని సుప్రీంకోర్టు 1988లో తేల్చింది. చదువు చెప్పటం ఉదాత్తమైన వృత్తి, అది కార్మికుడి పని కోవలోకి రాదు అన్నది. మనల్ని గురుబ్రహ్మలని పొగుడుతూనే, రేవులో కళాసీకి ఉన్న రక్షణ మనకు లేకుండా చేసింది. గ్రాట్యుటీ విషయంలోనూ ఇంతే. 1972 చట్టంలో ఉపాధ్యాయుడు "ఉద్యోగి" కిందికి రాడని 2004లో తీర్పు వచ్చింది. కాని ఆ కథ అక్కడ ఆగలేదు. 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 1997నించి వర్తించేటట్టు ఉపాధ్యాయుల్ని చేర్చింది. ప్రైవేటు స్కూళ్ళ యాజమాన్యాలు కోర్టుకెక్కాయి. 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణనే నిలబెట్టింది. ప్రతి మేష్టారూ తన దారి తాను చూసుకుని ఊరుకుని ఉంటే ఆ సవరణ వచ్చేది కాదు.

మన ఊరి రేవు ఇంతకంటే స్పష్టమైన పాఠం చెబుతుంది. విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. ఆ రోజుల్లో రేవుల్లో కూలిపని రోజువారీ. పొద్దున్నే గేటు దగ్గర నిలబడిన గుంపులోంచి మేస్త్రీ వేలు చూపినవాడికే పని. వాడికి దండం పెట్టాలి, మామూలివ్వాలి, తిట్లు తినాలి. ఆ కూలీకి మంచి మేస్త్రీని వెతుక్కోవటం పరిష్కారమా? 1948 డాకు కార్మికుల చట్టం మరో దారి పట్టింది. కార్మికుల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, వరసక్రమంలో పని ఇచ్చే పద్ధతి తెచ్చింది. విశాఖలోనూ ఆ చట్టం కింద డాక్ లేబర్ బోర్డు నడిచింది. తరవాత అది పోర్టులో కలిసిపోయింది. ఆ పద్ధతి మేస్త్రీని మంచివాణ్ణి చెయ్యలేదు. వాడి వేలికున్న శక్తిని తీసేసింది. అన్యాయపు అధికారి కింద బతకటం ఎలా అన్న ప్రశ్నకు ఓర్పు బోధించే గ్రంథాలన్నిటికంటే ఆ రిజిస్టరే మంచి జవాబు.

అలాంటి రిజిస్టరు వచ్చేదాకా ఎవరూ కదలకూడదా? అలా అనటం క్రూరత్వం. ఉక్కు ఫ్యాక్టరీ సంగతి తీసుకోండి. 1966 ఉద్యమంలో ప్రాణాలు ధారపోసి తెచ్చుకున్న ఆ ఫ్యాక్టరీని పూర్తిగా అమ్మెయ్యటానికి కేంద్రం 2021 జనవరిలో నిర్ణయించింది. కూర్మన్నపాలెంలో కార్మికులు శిబిరం వేసి కూచున్నారు. 2025లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం వస్తే కొందరు తీసుకుని వెళ్ళారు. పిల్ల పెళ్ళో, ఇంటి అప్పో, జబ్బో ఉన్నవాణ్ణి ద్రోహి అనే హక్కు శిబిరంలో కూచున్నవాడికి కూడా లేదు. మనిషి శక్తికి మించిన త్యాగాన్ని నీతిగా విధించటం అభ్యుదయం కాదు.

కాని ఎలా వెళ్ళాం అన్నది మిగులుతుంది. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో ఒక చిన్న పుస్తకం రాశాడు. నైజీరియాలో రైళ్ళు అధ్వాన్నంగా నడుస్తున్నా ఎందుకు బాగుపడటం లేదని ఆలోచిస్తే ఆయనకు ఒకటి తట్టింది. గట్టిగా ఫిర్యాదు చెయ్యగలిగినవాళ్ళే ముందు లారీల వైపు వెళ్ళిపోయారు. అడిగేవాళ్ళు పోయాక రైల్వేకి దిగులు లేదు. మా కాలేజీకీ ఇదే వర్తిస్తుంది. నేను చేరాక తొమ్మిదిమంది వెళ్ళిపోయారు. అందరూ సమర్థులే. ఒక్కరూ వెళ్ళేముందు ఒక్క కాగితం రాసి పెట్టలేదు. అన్యాయాన్ని చూసినవాళ్ళు అలా ఒక్కొక్కరే జారిపోతే, కొత్తగా చేరేవాడికి అంతా మొదటినించీ మొదలు.

గురజాడ గిరీశం కూడా ఊరు మారినవాడే. విజయనగరంలో అప్పులూ చిక్కులూ ముదిరితే వెంకటేశాన్ని అడ్డం పెట్టుకుని కృష్ణారాయపురం చేరాడు. వాడు ఊరు మారాడు గాని, వాడి వెనక మిగిలినవాళ్ళకేమైందో వాడికి పట్టలేదు. నేను తల దించుకున్న క్షణంలో, ఎం.ఏ. తెలుగు చదివిన నేను, గిరీశానికి చాలా దగ్గరలో ఉన్నాను.

కాబట్టి నాకు తోచిన తీర్పు ఇది. పై అధికారి దగ్గర దాచటం తప్పు కాదు. పక్కవాడి దగ్గర దాచటం తప్పు, ఎందుకంటే వాడు నన్ను నమ్ముకుని లేచి నిలబడ్డాడు. వెతుక్కునేవాడికి మిగిలినవారికి లేని ఒక బలం ఉంది. వాడు తలుపు దగ్గర నిలబడ్డాడు. ముసలి తల్లిదండ్రుల్ని పోషించే అటెండరు పలకలేని మాట వాడు పలకగలడు. ఆ బలాన్ని తన ఒక్కడి గడప దాటటానికే ఖర్చు చెయ్యటం అన్యాయం.

నెల తరవాత అదే టీ కొట్టు దగ్గర లెక్కల మేష్టారికి ఇంటర్వ్యూ సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు. "వెతుక్కోండి మేష్టారూ, నేనూ వెతుకుతున్నాను. కాని ఆ మాట ముందే చెప్పి ఉంటే, ఆ రోజు ఒక్కణ్ణీ లేచేవాణ్ణి కాను కదా" అన్నారు.

సర్టిఫికెట్లు తిరిగివ్వాలనీ, జీతం వెనక్కి పుచ్చుకోవటం ఆపాలనీ కాగితం రాశాం. పదకొండుమందిలో ఏడుగురు సంతకాలు పెట్టారు. నాలుగురు పెట్టలేదు. వారి మీద మాకు కోపం లేదు. కాగితానికి జవాబు రాలేదు. నాకు మాత్రం క్లాసులు ఇరవైఆరయ్యాయి. ఎవరెవరు ఏ నెల ఎంత తిరిగి కట్టారో ఇప్పుడు ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాం. ఎవరు ముందు వెళ్ళిపోతే వారు ఆ పుస్తకాన్ని ఉన్నవారి చేతికిచ్చి వెళ్ళాలనీ, పిలిస్తే వచ్చి సాక్ష్యం చెప్పాలనీ అనుకున్నాం.

నేను ఇంకా ఉద్యోగం వెతుకుతూనే ఉన్నాను.