బయలుదేరకముందు వెనుదిరుగవచ్చునా?

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 20:5–8, మత్తయి 21:28–31



హామీ సంతకము చేసి చిక్కుబడినవారిని మన పల్లెలలో అందరము ఎరుగుదుము. స్నేహితుని మొగము చూచి వ్రేలిముద్ర వేయుట నిమిషపు పని; దానినుండి బయటపడుట ఏండ్ల పని. సామెతల గ్రంథము 6వ అధ్యాయములో జ్ఞాని అట్టివానికి చెప్పిన బుద్ధి ఆలోచింపదగినది. మాట ఇచ్చితివి గనుక నోరు మూసికొని భరించుమని అతడు చెప్పలేదు. నిద్రపోక వెళ్లి, తన్ను తగ్గించుకొని, బ్రతిమాలి విడిపించుకొనుమనెను. ఇచ్చిన మాటనుండి విడుదల అడుగుట ఎప్పుడు న్యాయము, ఎప్పుడు అన్యాయము? ఈ నెల ఒక దూరదేశపు సంగతినిబట్టి దీనిని ఆలోచింతము.

అమెరికాలో నిర్బంధ సైనికసేవ 1973లో ముగిసెను. నాటినుండి ఇష్టపడి వచ్చువారే అక్కడి సైన్యములో చేరుచున్నారు. 17 ఏండ్లవాడు తల్లిదండ్రుల సమ్మతితోను, 18 నిండినవాడు తన యిష్టముతోను చేరవచ్చును. అయితే సంతకము చేసిన దినముననే అందరును శిక్షణకు పోరు. చదువు ముగియువరకో, శిక్షణలో చోటు దొరకువరకో ఇంటియొద్దనే వేచియుండు ఏర్పాటు కలదు. ఆ కాలము సాధారణముగా ఒక సంవత్సరమునకు మించదు. చేరునాడు చెయ్యెత్తి ఒకసారి ప్రమాణము చేయవలెను. బయలుదేరు దినమున రెండవసారి చేయవలెను. ఈ రెండు ప్రమాణముల నడుమనే కొందరి మనస్సు కలవరపడును.

ఇట్టి యౌవనస్థుని ఒకనిని ఊహించుకొందము. పైచదువునకు సొమ్ము దొరకునని, లోకము చూడవచ్చునని సంతోషముతో చేరెను. కొన్ని నెలలకు తండ్రి మంచముపట్టెను. లేక, సాటి మనుష్యునిపై తుపాకి గురిపెట్టుట తన మనస్సాక్షికి సరిపడదని రాత్రులందు అతనికి తోచుచుండెను. ఇక పది దినములలో బయలుదేరవలెను. చేర్చుకొన్న అధికారి కోపించునేమో, చెరసాలలో వేయుదురేమో, చూచినవారు నవ్వుదురేమో అని భయము. అతడేమి చేయవలెను?

ముందు చట్టము సంగతి. రెండవ ప్రమాణము చేసి బయలుదేరకముందు, తనకు విడుదల కావలెనని అతడు వ్రాతమూలముగా అడుగవచ్చును. అట్లు అడిగినవారిని విడిచిపెట్టుట అక్కడి వాడుక. అట్టివారిని బెదిరింపరాదని, బలవంతపెట్టరాదని ఆ సైన్యపు నిబంధనలే చెప్పుచున్నవి. సేవలో ప్రవేశించిన తరువాత సంగతి వేరు. అప్పుడు సెలవు లేక వెళ్లిపోవుట సైనిక చట్టము క్రింద నేరము.

చట్టము విడిచినంత మాత్రమున మనస్సాక్షి విడుచునా? తనకు నష్టము కలిగినను చేసిన ప్రమాణము తప్పనివానిని 15వ కీర్తన మెచ్చుకొనుచున్నది. ఈ మాటను మనము తేలికగా దాటిపోరాదు. బద్ధకముచేతనో, అంతకంటె సుఖమైన పని దొరికెననియో మాట మార్చువాడు ఈ కీర్తన ఎదుట నిలువలేడు.

అయినను ధర్మశాస్త్రములో మరియొక మాట కలదు. యుద్ధమునకు కూడిన జనులను నాయకులు ముందుగా ప్రశ్నింపవలెను. క్రొత్త యిల్లు కట్టి గృహప్రతిష్ఠ చేయనివాడు, ద్రాక్షతోట వేసి దాని పండ్లు తిననివాడు, ప్రధానము జరిగి పెండ్లి కానివాడు, తుదకు భయపడువాడు సహా ఇంటికి తిరిగి పోవచ్చును. పిరికివానిని పంపివేయుట అతని సహోదరుల మేలుకొరకే. అతనిని చూచి వారి గుండెలును కరగిపోవును గదా. గిద్యోను ఈలాగు ప్రకటించినప్పుడు 22,000 మంది వెళ్లిపోయిరి, 10,000 మంది నిలిచిరి. వెళ్లినవారిని గ్రంథము శపింపలేదు. మాట పుచ్చుకొన్నవారే ఒక గడువువరకు తలుపు తెరచియుంచినయెడల, తగిన కారణముతో ఆ తలుపుగుండ వెళ్లుట మాట తప్పుట కాదని నా తలంపు.

తలుపు ఉండగా గోడ దూకుటయే తప్పు. కొందరు ఎవరికిని ఏమియు చెప్పక, టెలిఫోను మ్రోగినను తీయక, బయలుదేరు దినమున కనబడకుందురు. ప్రభువు చెప్పిన ఉపమానములో ఒక కుమారుడు తోటకు పోయెదనని తండ్రితో చెప్పి పోలేదు. ఆ తండ్రి, తోటలో పని జరుగుచున్నదని నమ్మి కూర్చుండెనేమో! ఈ యౌవనస్థుని కొరకును ఒక చోటు ఉంచబడినది. ముందుగా తెలిపినయెడల మరియొకడు దానిలోనికి పోవచ్చును. గనుక నిశ్చయించుకొన్నవాడు ఆలస్యము చేయక, తానే చెప్పవలెను; నిజమైన కారణమే చెప్పవలెను. లేని జబ్బు కల్పింపరాదు. అవునన్నను కాదన్నను నిజముగా ఉండవలెనని ప్రభువు నేర్పెను. కాదని మొగము ఎదుట చెప్పుటకును ధైర్యము కావలెను.

సైనికుల వృత్తిని నేను నిందించుట లేదు. బాప్తిస్మమిచ్చు యోహాను తనయొద్దకు వచ్చిన సైనికులను కొలువు మానుమనలేదు; ఎవరిని బాధింపక, తమ జీతముతో తృప్తి పొందుమనెను.

తల్లిదండ్రులతో ఒక మాట. మన తెలుగు కుటుంబములు ఆ దేశమందును ఉన్నవి. మన పిల్లలు ఇక్కడి సైన్యములోను చేరుచున్నారు. ఇక్కడి చట్టము వేరైనను తల్లిదండ్రుల పరీక్ష ఒకటే. “అందరికి చెప్పుకొంటిమి, విందు చేసితిమి, ఇప్పుడు మా పరువేమి కావలెను?” అని బిడ్డను తరుమకుడి. హేరోదు విందులో కూర్చున్నవారి మొగము చూచి తన ప్రమాణము నిలుపుకొనెను. యోహాను తల పోయెను. పరువు కొరకు నిలుపుకొన్న ప్రతి మాటయు నీతి కాదు.

గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పెను. సంతకమునకు ముందే లెక్క చూచుట మేలు. ఆ లెక్క తప్పినయెడల, పునాది త్రవ్వకముందే ఒప్పుకొనుట మేలు. వెళ్లు బిడ్డను దీవించి పంపుడి. నిజము చెప్పి తిరిగి వచ్చిన బిడ్డకు అన్నము పెట్టుడి, ఎత్తిపొడువకుడి.