గడప బయట మేము

ఇల్లు నచ్చింది. రెండు గదులు, వంటిల్లు, వాకిట్లో వేపచెట్టు. కిరాయి కుదిరింది. అడ్వాన్సు ఎంతో కూడా తేలిపోయింది. ఒకటో తారీఖున సామాను దించుకోమన్నారు. ఇంటామె లోపల్నుంచి మంచినీళ్లు తెచ్చిచ్చి, "పిల్లలెంతమందమ్మా?" అని ప్రేమగా అడిగింది. అప్పుడు ఇంటాయన కాగితం తీసి, "పేరు చెప్పండి సార్, రాసుకుంటా" అన్నాడు. చెప్పాం. పెన్ను ఆగిపోయింది.

"మా తమ్ముడు ఈ ఇంట్లోకి వస్తానంటున్నాడు సార్. ఒకసారి అతన్ని అడిగి చెప్తా."

గ్లాసులో నీళ్లింకా సగం ఉన్నాయి. అయిదు నిమిషాల కింద లేని తమ్ముడు మా పేరు వినగానే ఎట్లా పుట్టుకొచ్చాడో మేము అడగలేదు. ఆ తమ్ముడు మాకు పాత పరిచయమే. అంతకుముందు ఒక ఇంట్లో అల్లుడి రూపంలో వచ్చాడు. ఇంకో ఇంట్లో రిపేరు పని అయ్యాడు. మరో ఇంట్లో, "మాకేం పట్టింపు లేదు గానీ పక్కింటోళ్లు ఒప్పుకోరు" అన్న మాటయ్యాడు. ఎవరూ తిట్టలేదు. అందరూ మర్యాదస్తులే. మూడు నెలల తర్వాత అదే వీధిలో పోతే ఆ టు లెట్ బోర్డు అట్లాగే వేలాడుతున్నది.

'నా ఇల్లు, నా ఇష్టం' అంటారు. ఈ మాటను మేము తేలిగ్గా కొట్టేయం. ఉద్యోగమంతా కూడబెట్టి, ఆపైన బ్యాంకులో అప్పు చేసి కట్టుకున్న ఇల్లు. కిందనే తాము ఉంటారు. వచ్చేవాడు నెలనెలా కిరాయి ఇస్తాడా, గోడలు పాడు చేస్తాడా, ఖాళీ చేయమంటే చేస్తాడా అని భయం ఉంటుంది. ఆ భయం న్యాయమైనదే. దానికి అడగవలసిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. ఏం పని చేస్తారు? ఇదివరకు ఎక్కడ ఉన్నారు? అక్కడెందుకు ఖాళీ చేశారు? అడగండి, జవాబు చెప్తాం. కాని మా పేరు విన్న తర్వాత ఈ ప్రశ్నలేవీ మిగలవు. మా నడవడికి అక్కడ పనే లేదు. మేమేం చేశామో కాదు, ఎవరికి పుట్టామో చూసి తీర్పు అయిపోతుంది.

ఇల్లు మీదే, కాదనం. బోర్డు మాత్రం వీధికి పెట్టారు. నా ఇంట్లో ఉండటానికి మనిషి కావాలని దారినపోయే అందరికీ చెప్పారు. ఆ 'అందరి'లోంచి మమ్మల్ని మాటాడకుండా తీసేయడం సొంత ఇష్టం ఎట్లా అవుతుంది?

'మాంసం వండుతారు కదా' అంటారు. ఆదివారం పూట ఆ కాలనీలో నడిచి చూడండి. ఎన్ని ఇళ్లలో కుక్కరు కూతతోపాటు మసాలా వాసన రాదు? అడ్డం మాంసం కాదు. 'మీరేమిట్లు?' అన్న ఒక్క ప్రశ్నతో మా దళిత మిత్రులను కూడా అదే గడప బయట నిలబెడతారు. సుఖదేవ్ థొరాట్, ఆయన తోటి పరిశోధకులు ఢిల్లీ చుట్టుపక్కల కిరాయి ఇళ్ల కోసం రకరకాల పేర్లతో ఫోన్లు చేయించి చూసి, ఆ ఫలితాలను 2015లో అచ్చువేశారు. ఫోనులో పైకులాల పేర్లను ఎవరూ కాదనలేదు. దళితుల పేర్లను కాదన్నారు. ముస్లిం పేర్లను ఇంకా ఎక్కువగా కాదన్నారు. ఫోనులో గొంతు తప్ప ఇంకేముంటుంది? అయినా కూర వాసన అప్పుడే వచ్చేసింది.

చట్టం సంగతి చూద్దాం. మతం, కులం పేరుతో దుకాణంలోకి, హోటల్లోకి, బావి దగ్గరికి, రోడ్డు మీదికి రానీయకపోవడం తప్పని రాజ్యాంగం 15వ అధికరణంలో రాసుకున్నాం. ఆ జాబితాలో కిరాయి ఇల్లు లేదు. 2005లో ఒక పార్సీ గృహనిర్మాణ సహకార సంఘం కేసులో, సభ్యత్వం తమవాళ్లకే పరిమితం చేసుకోవచ్చని సుప్రీంకోర్టు ఒప్పుకున్నది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో మంచి మాటలున్నాయి. నివాసానికి అడ్వాన్సు రెండు నెలల కిరాయి మించరాదు. ఇంటి ఓనరు లోపలికి రావాలంటే ఒక రోజు ముందు చెప్పాలి. నీళ్లు, కరెంటు ఆపరాదు. గోడలు, కప్పు బాగుచేయించే బాధ్యత ఓనరుదే. ఇన్ని రాశారు గాని, మతమో కులమో చూసి ఇల్లు లేదనరాదని మాత్రం ఒక్క వాక్యం రాయలేదు.

అంటే హక్కులన్నీ గడప లోపల మొదలవుతాయి. మేము గడప బయట ఉన్నాం.

మాలో కొందరు ఆ గడప దాటడానికి పేరు మార్చుకున్నారు. రఫీ రవి అయ్యాడు. సలీమా సరళ అయింది. ఇల్లు దొరికింది. తర్వాత ఆ ఇంట్లో ఎట్లా బతికారో మాకు తెలుసు. తలుపు మీద ఆయత్ పటం కట్టలేదు. ఫోనులో సలాం చెప్పాలంటే గొంతు తగ్గించారు. ఊరినుంచి అమ్మీ వస్తానంటే బురఖా సంగతి ఆలోచించి వద్దన్నారు. పండగ పూట తాళం వేసి చుట్టాలింటికి పోయారు. ఇక వానాకాలం కప్పు కారితే బాగుచేయించమని గట్టిగా అడగగలరా? రసీదు ఇమ్మనగలరా? ఏడాది తిరక్కముందే కిరాయి పెంచితే ఇదేం న్యాయమని అనగలరా?

అబద్ధం చెప్పి వచ్చినవాడి సంగతే కాదు. దయతో రానిచ్చినవాడి సంగతీ అంతే. 'మీరు అట్లాంటోళ్లు కాదు సార్, అందుకే ఇచ్చాం' అంటారు మెచ్చుకోలుగా. ఆ మెచ్చుకోలు మోస్తూ ఉన్నంతకాలం మేము కిరాయిదారులం కాదు, పరీక్షకు కూర్చున్నవాళ్లం. ఒప్పందం చేసుకున్నవాడు అడుగుతాడు. దయ పొందినవాడు నోరు మూసుకుంటాడు. రసీదు పొందే హక్కు, కారణం లేకుండా ఖాళీ చేయించకుండా ఉండే హక్కు 1960 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టంలోనే ఉన్నాయి. కాని 'ఇష్టం లేకపోతే ఇంకో ఇల్లు చూసుకో' అన్న మాటకు భయపడనివాడికే ఆ హక్కులు పనికొస్తాయి. మాకు ఇంకో ఇల్లు లేదని అనేవాడికీ తెలుసు, వినే మాకూ తెలుసు.

ఇక్కడ మా వాకిలి కూడా ఊడ్చుకోవాలి. 1990 డిసెంబరులో హైదరాబాదు అల్లర్లు జరిగినప్పుడు, మళ్లీ 1992 డిసెంబరు 6 తర్వాత, కలిసి బతికిన బస్తీల నుంచి ఎటువాళ్లు అటు సర్దుకున్నారు. 'వాళ్లంతా ఒక్కచోటే గుంపుగా ఉంటారు' అని మమ్మల్ని అంటారు. ఇల్లిచ్చిన చోట ఉన్నాం. బయట మావాళ్లకు ఇళ్లు దొరకడం కష్టంగా ఉందని 2006లో సచార్ కమిటీ కూడా రాసింది. అట్లా తిరిగొచ్చినవాళ్లను మా మొహల్లాల్లో మా ఓనర్లు ఎట్లా చూశారు? వెలుతురు రాని గదికి ఎక్కువ కిరాయి చెప్పారు. రసీదు అడిగితే 'భాయీ, మనలో మనకు రసీదేంటి?' అని నవ్వారు. బయట తలుపులు మూసుకుంటే లోపల కిరాయి పెరుగుతుందని వాళ్లకు బాగా తెలుసు. దూదేకులవాళ్లు వస్తే మొహం చిట్లించినవాళ్లు, దళితుడు వస్తే 'ఖాళీ లేదు' అన్నవాళ్లు, ఒంటరి ఆడమనిషి వస్తే 'మగాళ్లెవరూ లేరా?' అని అడిగినవాళ్లు మాలోనూ ఉన్నారు. మా తమ్ముళ్లు కూడా అవసరానికి పుడతారు. మాకు జరిగిన అన్యాయం మేము చేసేదానికి రసీదు కాదు.

కిరాయి, ఖాళీ, రసీదు, దర్వాజ. ఈ మాటలన్నీ అరబ్బీ, పారశీకాల నుంచి ఉర్దూ మీదుగా తెలుగు ఇళ్లలోకి వచ్చాయి. వాటిని పేరేమిటని ఎవరూ అడగలేదు. వాడుకున్నారు, అవి తెలుగు మాటలైపోయాయి. మేమూ ఇక్కడివాళ్లమే. తెలుగులోనే ఇల్లు అడుగుతున్నాం.

మమ్మల్ని మంచివాళ్లనమని అడగడం లేదు. మాలో మంచివాళ్లూ చెడ్డవాళ్లూ ఉన్నారు, అందరిలో ఉన్నట్టే. కిరాయి ఎంతో చెప్పండి. షరతులు కాగితం మీద రాయండి, సంతకం చేస్తాం. కిరాయి తప్పితే అడగండి, గోడ పాడుచేస్తే ఖర్చు పట్టుకోండి, మాట తప్పితే చట్టప్రకారం ఖాళీ చేయించండి. కప్పు కారితే మీరు బాగుచేయించండి. పేరు అడగండి, కాగితం మీద రాయడానికి పేరు కావాలి. కాని పేరు విన్నాక పెన్ను ఆపకండి.

మా ఇళ్లలో పొరుగువాడిని హమ్‌సాయా అంటాం. ఒకే నీడలో ఉండేవాడని దానర్థం. ఆ వాకిట్లో వేపచెట్టు నీడ ఎవరినీ పేరు అడగలేదు. మేము దాని కిందనే నిలబడి ఇల్లు లేదన్న మాట విన్నాం. రేపు మా ఇంట్లో ఒక పోర్షన్ ఖాళీ అయితే, మేమూ బోర్డు కడతాం. ఎవరొచ్చి తలుపు తట్టినా మా నోటివెంట ఆ తమ్ముడి మాట రాకూడదు. ముందు అది మాకు మేము రాసుకోవలసిన షరతు.