పరుగును విశ్రాంతియు

కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతములలో తెల్లవారక మునుపే బడి మైదానమున పరుగెత్తు యౌవనస్థులను మీరు చూచియుందురు. 2022 కానిస్టేబులు నియామకములో పురుషులు 1,600 మీటర్లు 7 నిమిషముల 15 సెకనులలో ముగింపవలసి యుండెను. ఒక్కనాడు మానినను వెనుకబడుదుమని భయపడి, కాలి ఎముక నొచ్చుచున్నను వారు ఆగరు.

పరుగు శరీరమును అలయజేయును; అది బలపడునది విశ్రాంతిలోనే. అలసిన ఎముక బాగుపడక మునుపే దినదినము దానిని శ్రమపెట్టినయెడల అది చిట్లుటయు కలదు. దుక్కిటెద్దు విషయములో మన రైతులు దీని నెరుగుదురు, కన్నకొడుకు విషయములో మరతురు!

1924లో పారిస్ ఒలింపిక్స్‌యందు 100 మీటర్ల తొలి పరుగు ఆదివారమున పడుటచేత ఎరిక్ లిడ్డెల్ దానిని విడిచిపెట్టెను. తరువాత 400 మీటర్లు 47.6 సెకనులలో గెలిచెను. అయినను గెలుపు కొరకు ఆగినవాడు కాడాయన. ఆ దినము తనది కాదని యెంచి ఆగెను.

అయితే మరియొక ప్రశ్న కలదు. గోదావరిఖని, మందమర్రి బొగ్గుగనులలో వారమునకు ఆరు దినములకు మించి పని చేయింపరాదని 1952 గనుల చట్టము చెప్పెను. కలుపు తీయబోవు తల్లికి ఏ చట్టమున్నది? విశ్రాంతిదినపు ఆజ్ఞలో దాసులును పశువులును చేర్చబడిరి గదా. కుమారుడు పరుగు మాని మంచముమీద పండుకొనియుండగా తల్లి యెప్పటివలెనే చీకటితో లేచినయెడల, ఆ యింట సగము విశ్రాంతియే. ఆ ఉదయమున అతడే పొయ్యి వెలిగింపవచ్చును. అందువలన ఎవరి కాలును విరుగదు.