సత్యము చెప్పినవారికి శిక్ష

పూర్వము అమ్మవారు పోసిన యింటివారిలో పలువురు ఆ సంగతి దాచుటకే చూచెడివారు. బయటపడినచో ఇరుగుపొరుగువారు గడప తొక్కరని వారి భయము. అది మూఢత్వమని మనము నిందింతుము. కాని యట్టి భయమునకు విద్యాధిక రాజ్యములే 2021లో తావొసగినవని మేము తలంచుచున్నాము.

కరోనా వైరసు జన్యులిపి ఇంచుమించు 30,000 అక్షరముల వ్రాత. తాళపత్రప్రతులందువలెనే నకలు తీయునపుడు దీనియందును లేఖకదోషములు దొరలును. పెక్కు నిరపాయములు, ఏ కొన్నియో రోగమునకు వ్యాప్తిబలము నిచ్చును. పాఠాంతరములను పోల్చి ఏ ప్రతికేది మాతృకయో పండితులు తేల్చునట్లు, శాస్త్రజ్ఞులు రోగుల నమూనాలలోని యక్షరములను చదివి, ఏ రకము ఎచ్చట తలయెత్తి యెటు ప్రాకుచున్నదో కనిపెట్టుదురు. మన దేశమున నిందుకై 2020 డిసెంబరులో ఇన్సాకాగ్ అను ప్రయోగశాలల కూటమి యేర్పడినది. హైదరాబాదు సీసీఎంబీయు నందు చేరినది.

2021 నవంబరులో బోట్స్వానా, దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞులకు, స్పైకు ప్రోటీనునందు ముప్పదికి పైగా మార్పులుగల యొక రకము కనబడెను. దక్షిణాఫ్రికా 24వ తేదీననే ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలిపెను. 26న దానికి ఒమిక్రాన్ అని పేరిడిరి. (ఊరిపేర రోగమును పిలిచి ప్రజలను కించపరచరాదనియే ఆ సంస్థ యా యేడు మే నెలలో గ్రీకు అక్షరములను తెచ్చినది. పేరునకు చూపిన మర్యాద మనుష్యులకు దక్కలేదు.) 25వ తేదీననే బ్రిటను, వెనువెంటనే ఐరోపా, అమెరికా రాజ్యములు దక్షిణ ఆఫ్రికా దేశములకు తలుపులు మూసినవి. విమానములు నిలిచిపోగా, జన్యులిపి చదువుటకు వలయు రసాయనములే కొఱవడునని యచ్చటి పరిశోధకులు వాపోయిరి.

తీరా చూడగా, నెదర్లాండ్సులో నవంబరు 19, 23 తేదీలలో తీసిన నమూనాలయందే యా రకము బయటపడినది! మూసిన తలుపులకు లోపలనే యున్నదన్నమాట. బ్రిటను డిసెంబరు 15న నిషేధ మెత్తివేయునప్పటికి లండనులో నది విరివిగా వ్యాపించియుండెను.

స్వప్రజలను కాచుకొనుట రాజధర్మము కాదా యని చదువరులు ప్రశ్నింపవచ్చును. అగును, కొన్ని దినముల వ్యవధి దొరికినను ఆసుపత్రులు సిద్ధపడునని మేమును ఒప్పుకొందుము. కాని యా వ్యవధిని దానము చేసినది ముందుగా చెప్పినవాడే కదా! వాని నష్టమును వానికే వదలి, వాని వార్తను మాత్రము మనము గ్రహించుట ఏ ధర్మము? తలుపు మూయక తప్పనిచో, మూసినవాడే రసాయనములు, టీకాలు పంపవలెను. పోయిన వర్తకమునకు పరిహార మీయవలెను. లేనిచో రేపు మఱియొక దేశమున మఱియొక శాస్త్రజ్ఞుడు ఫలితమును చేత బట్టుకొని, ప్రకటింతునా, వారముపాటు ఊరకుందునా యని తటపటాయింపక యుండునా?

2025 మే నెలలో ప్రపంచ ఆరోగ్య మహాసభ మహమ్మారులనుగూర్చిన యొప్పందము నామోదించినది. రోగకారక సూక్ష్మజీవుల నమూనాలను పంచియిచ్చినవారికి ప్రతిగా ఏమి ముట్టవలెనను భాగమును మాత్రము, అది తెగక, తరువాతి చర్చలకు వదలిరి.