ఒక కంటికి వెన్న, ఒక కంటికి సున్నమా?

గృహస్థుడు తన బిడ్డల నందరిని సమానముగా చూడవలెనని పెద్దలు చెప్పుదురు. ఒక కంటికి వెన్నయు, ఒక కంటికి సున్నమును పెట్టు తల్లిదండ్రులను లోకము నిందించును. ఇంతవరకు సందేహమునకు తావు లేదు. కాని ఇంట నొక బిడ్డ పుట్టుకతోనే దీర్ఘవ్యాధి గలవాడైనపుడు ఈ సమానత్వ మెట్లు నిలుచును? ధనము, కాలము, నిద్ర, తల్లి మనస్సు, సమస్తమును ఒక బిడ్డ వైపునకే యొరిగిపోవు నింటిలో రెండవ బిడ్డకు జరుగుచున్నది అన్యాయమా, కాదా?

ఉదాహరణమునకు థలసీమియా వ్యాధిని గైకొందము. తల్లిదండ్రు లిరువురును ఈ వ్యాధి బీజమును మోయువారైనపుడు, ప్రతి కానుపునందును బిడ్డకు తీవ్రవ్యాధి కలుగుటకు నాలుగింట నొక పాలు అవకాశము కలదు. మోయువారు ఆరోగ్యవంతులే గనుక వారి కా సంగతి తెలియదు. (తల్లి పూర్వకర్మ మని నొప్పించు మాటలు వినుచునే యుందుము, బీజము ఇరువురి నుండియు వచ్చినదను ఈ లెక్క అట్టివారికి చాలును.) సాధారణముగా 6 మాసములు మొదలు 2 ఏండ్ల లోపల బిడ్డ పాలిపోవుట, ఎదుగుదల తగ్గుట కనబడును. అటుపిమ్మట 2 మొదలు 4 వారముల కొకమారు రక్త మెక్కింపవలెను. ఒక్కొక్క సంచి రక్తముతో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము దేహమున జేరును. మిగులు ఇనుమును వెలికి బంపు మార్గము మానవదేహమునకు లేదు. అది గుండెయందును, కాలేయమునందును పేరుకొనును. దానిని దీయుటకు వేరు మందులు కలవు. కొందరికి నోటిమాత్రలు; కొందరికి రాత్రిపూట 8 నుండి 12 గంటల సేపు చర్మము క్రింద సూది యుంచి చిన్న పంపు ద్వారా ఎక్కించు మందు. ఒకనాడు మరచిన కీడు ఆ వారమున గానరాదు, ఏండ్ల తరువాత గుండె చెప్పును. జ్వరముతో మూల్గుచున్న బిడ్డకు మందు పోయుట తేలిక. ఆడుకొనుచున్న వానిని బిలిచి సూది గ్రుచ్చుట కష్టము.

అన్నము వడ్డించు తల్లి 10 ఏండ్ల వానికిని, 2 ఏండ్ల దానికిని ఒకే కొలత పెట్టదు; ఆకలి నెరిగి పెట్టును. కావున రోగియైన బిడ్డకు ఎక్కువ వ్యయ మగుట పక్షపాతము కాదు. దీనికై ఎక్కువ వాదింప నక్కర లేదు. కాని ధనమునకు చెల్లిన ఈ న్యాయము చెవికి చెల్లదు. నా తరగతిలో చదివిన యొక బాలిక పంటినొప్పిని నెల దినములు ఇంట చెప్పక దాచినది. తమ్మునికి రక్త మెక్కించు దినమున ఆమెయే వంట చేసి బడికి వచ్చెడిది. ఏల చెప్పలేదని యడుగగా, “మా ఇంట్లో ఆస్పత్రి ఖర్చు ఒకటి ఉంది కదా సార్” అనెను. ఆ తల్లిదండ్రులు దుర్మార్గులు కారు, అలసినవారు. ఇరుగుపొరుగు వారు మాత్రము “బంగారు తల్లి, ఏమీ అడుగదు” అని మెచ్చుకొనుచుండిరి. నాకా మెప్పు రుచింపదు. అడుగకుండుటను అదేపనిగా పొగడినచో, బాధ చెప్పుకొనుట దోషమని ఆ పిల్ల నేర్చుకొనును.

దీనికంటె చిక్కైన ప్రశ్న మరియొకటి కలదు. వ్యాధిని మూలముతో దీర్చగల చికిత్స ఎముకమజ్జ మార్పిడి. తోడబుట్టిన వారి మజ్జ సరిపోవుటకు నాలుగింట నొక పాలు అవకాశము. సరిపోయినచో, 6 ఏండ్ల చెల్లెలి మజ్జను అన్నకై తీయించుటకు తల్లిదండ్రులకు అధికారము కలదా? అందులకు మత్తు ఈయవలెను. పిమ్మట కొన్నాళ్లు నడుమునొప్పి యుండును. ప్రమాదము మిక్కిలి స్వల్పమే గాని శూన్యము కాదు. తీయించుట తగునని నా అభిప్రాయము. అన్న బ్రతికియున్న యింట పెరుగుట ఆమెకును మేలే. అయినను ఆమె సొమ్మును ఆమె కెరిగింపక తీసికొనరాదు. ఆ వయస్సునకు తెలియు మాటలలో చెప్పి, ఆమె భయమును వినవలెను. ఆమె మేలునే చూచుటకు వేరొక వైద్యు డుండుట మంచిది. మార్పిడి ఫలింపనిచో అది తన లోపమని ఆమె తలపకుండ ముందుగనే చెప్పియుంచవలెను.

ఇక రక్తము. తల్లి రాత్రులు మేలుకొనగలదు గాని ప్రతి మూడు వారములకు రక్తమును పుట్టింపలేదు. కాయకము ఇంటిలో జరుగును. ఇచట దాసోహము వెలుపలినుండి రావలెను. వేసవిలో కళాశాలలు మూతపడి రక్తదాన శిబిరములు తగ్గును, రక్తనిధులలో కొరత యేర్పడును. మన బసవ జయంతి, వైశాఖ శుద్ధ తదియ, ఆ దినములలోనే వచ్చును. 18 ఏండ్లు నిండిన ఆరోగ్యవంతులలో పురుషులు 3 మాసముల కొకమారు, స్త్రీలు 4 మాసముల కొకమారు రక్త మీయవచ్చును. అన్నదాసోహము జరుగు చోటనే శిబిరమునకు రెండు గదు లిచ్చుట మఠములకు భారము కాదు.

ఆడపిల్ల పెండ్లికి అడ్డమని తమ్ముని వ్యాధిని బంధువులకు చెప్పని కుటుంబములు కలవు. 2016లో చేసిన దివ్యాంగుల హక్కుల చట్టములో థలసీమియా చేరినను, నలుగురికి తెలియునని ధ్రువపత్రము కొరకైనను పోరు. ఇచట దాపరికము అసత్యము మాత్రమే కాదు, అపాయము కూడ. ఆరోగ్యవంతురాలైన ఆ అక్క వ్యాధిబీజమును మోయుచుండుటకు మూడింట రెండు పాళ్లు అవకాశము కలదు. మేనరికమైనచో వరుడును అదే బీజమును మోయు నవకాశము ఇతరులకంటె హెచ్చు. హిమోగ్లోబిన్ ఎ2 కొలుచు రక్తపరీక్ష ఇరువురికి చేయించిన సంగతి తేలిపోవును. ఆమె మోయునదైనను, వరుడు ఇట్టి రక్తదోషబీజమేదియు మోయువాడు కానిచో వారి బిడ్డలకు ఈ తీవ్రవ్యాధి రాదు. నిశ్చితార్థమునకు ముందు చూచుకొనవలసినది ఆ పరీక్ష కాగితము. అంతేగాని పిల్లను చూడవచ్చిన నాడు తమ్ముని వెనుక గదిలో కూర్చుండబెట్టవలసిన పని లేదు.